కమిటీ సమక్షంలో

ఒక తెల్లపంచె తడవడంతో ఈ వ్యవహారమంతా మొదలైంది.

పెదమల్లవరంలో కొత్త అంగన్‌వాడీ భవనం ప్రారంభోత్సవానికి వచ్చిన ఒక పెద్దమనిషి, ఫొటోకి బాగుంటుందని ముందు వరసలో పిల్లాణ్ణి ఎత్తుకున్నాడు. ఫొటోగ్రాఫరు "ఇంకొక్కటి సార్" అన్నాడు. ఆ ఇంకొక్కటి తీసేలోపు పిల్లాడు తన పని తాను కానిచ్చేశాడు. పెద్దమనిషి నవ్వుతూనే పిల్లాణ్ణి దించాడు, నవ్వుతూనే కారెక్కాడు. కారు అద్దం పైకి వెళ్ళాక ఏమన్నాడో ఎవరూ వినలేదు గాని, ఆ పంచె ఆరేలోపు "స్వయంసిద్ధ బాల్యం" అనే ఉద్యమం పుట్టింది. గోడలనిండా బొమ్మలు వేయించారు. ఊరంతా తిరిగేలా పిల్లలతో ర్యాలీ తీశారు. ర్యాలీ పొడుగునా పిల్లలకి మంచినీళ్ళ ప్యాకెట్లు పంచారు గాని, దారిలో ఎక్కడా వెళ్ళడానికి చోటు చూపించలేదు. ర్యాలీ అనుకున్నదానికంటే తొందరగా ముగిసింది.

ఉద్యమం వెనకాలే ఉత్తర్వు వచ్చింది. ఒకటో తరగతిలో చేరబోయే ప్రతి బిడ్డా "స్వతంత్ర విసర్జన ప్రావీణ్య ధ్రువపత్రం" సమర్పించాలి. మామూలు పిల్లలకి తల్లో తండ్రో సంతకం పెడితే చాలు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల విషయంలో మాత్రం త్రిసభ్య కమిటీ స్వయంగా చూసి ధ్రువీకరించాలి. ఆ పిల్లల మీద తమకున్న ప్రత్యేక శ్రద్ధకు ఇదే నిదర్శనమని ఉత్తర్వు చివర రాసి ఉంది.

సుభాషిణికి ఈ సంగతి బళ్ళో తెలిసింది.

సుభాషిణి మున్సిపల్ గ్రౌండులో ఆడవాళ్ళకి స్కూటర్ నేర్పుతుంది. మొగుడు లారీ మీద ఒడిశా వైపు తిరుగుతుంటాడు. ఇంట్లో అత్తగారు సూరాయమ్మ, ఆరేళ్ళ కొడుకు భువన్. భువన్‌కి ఆటిజం. ఊళ్ళోని ప్రైవేటు బళ్ళన్నీ వాణ్ణి ఎంతో ఆప్యాయంగా పలకరించి, ఎంతో మర్యాదగా గేటుదాకా సాగనంపాయి. స్టేషను పక్కనున్న మున్సిపల్ బడి ఒక్కటే రమ్మంది. వాడు కూడా ఆ బడి వరండాలో ఒక మూల చూసుకుని, తనంతట తనే కూర్చున్నాడు. వాడు ఒక చోట తనంతట తను కూర్చోవడం ఎంత పెద్ద విషయమో ఆ ఇంట్లోవాళ్ళకే తెలుసు.

"సీటు అట్టేపెట్టాను సుభాషిణీ," అంది హెడ్ మిస్ట్రెస్. "నెలాఖరుతో అడ్మిషన్లు ఆఖరు. ఈలోగా ఆ కాయితం తెచ్చెయ్. అది లేకుండా చేర్చుకున్నాననుకో, నేను వచ్చి మీ గ్రౌండులో స్కూటర్ నేర్చుకోవాల్సిందే. వేరే పనుండదు."

"కాయితమే కదండీ, తెచ్చేస్తాను," అంది సుభాషిణి. ఆమెకి అప్పటికి ఆ ఆఫీసుతో పరిచయం లేదు.

నిజానికి ఆమె ధీమాకి కారణం ఉంది. భువన్‌కి ఆ విద్య వచ్చేసింది. ఊరికే రాలేదు. బాత్రూమ్ అంటే వాడికి పేచీ లేదు గాని, ఫ్లష్ మోత అంటే ప్రాణం పోయేది. చెవులు మూసుకుని వీధి చివరిదాకా పరిగెత్తేవాడు. డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది. పెద్ద పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టు, మెట్టుకో బొమ్మ గీసి గోడకి అంటించు, ఎక్కినప్పుడల్లా వాడికి నచ్చింది ఇవ్వు, ఎక్కకపోతే కోప్పడకు. సుభాషిణికి ఇదేం కొత్త కాదు. బ్రేకు ఎటువైపుంటుందో తెలియని వాళ్ళని బజారు మధ్యలోంచి నడిపించేది ఈ లెక్కలోనే.

ఆమె ఫ్లష్ మీటకి తాడు కట్టింది. మొదట్లో ఆ తాడు వీధి గుమ్మందాకా ఉండేది. పిల్లాడు గుమ్మంలో నిలబడి లాగేవాడు, లోపలెక్కడో మోత వినపడేది. లాగితేనే మోత, లాగకపోతే లేదు. అది తన చేతిలో ఉందని తెలిశాక భయం తగ్గింది. తాడు పొట్టిదవుతూ హాల్లోకి, వంటింటి మలుపులోకి, చివరికి బాత్రూములోకి వచ్చేసింది. బహుమానంగా వాడు కోరుకున్నది చాక్లెట్ కాదు, అమ్మ స్కూటర్ హారన్. పని పూర్తయి, సబ్బుతో చేతులు కడుక్కున్నాక రెండుసార్లు కొట్టుకోవచ్చు. పొద్దున్నే రెండు హారన్లు వినిపిస్తే ఎదురింటి రిటైర్డు పోస్టుమాస్టరు పేపరు దించి, "హమ్మయ్య" అని మళ్ళీ పేపరు ఎత్తేవాడు.

వెళ్ళాల్సి వచ్చినప్పుడు కూడా వాడు తన పద్ధతిలో చెప్పేవాడు. ఇల్లు స్టేషను వెనకే కాబట్టి వాడికి వచ్చిన మాటల్లో సగం స్టేషను మైకు నేర్పినవే. నిటారుగా నిలబడి, మైకులో అమ్మాయి గొంతుతో, "దయచేసి వినండి! ప్రయాణికులకు విజ్ఞప్తి!" అనేవాడు. ఆ తర్వాత బండి పేరు చెప్పేలోపు చేరాల్సిన చోటుకి చేరిపోవాలి.

ప్రాంతీయ విద్యా పర్యవేక్షణ కార్యాలయంలో సూపరింటెండెంటు పేర్రాజు ఆమె దరఖాస్తు రెండువైపులా తిప్పి చూశాడు.

"బాబు వెళ్తున్నాడంటారు."

"చక్కగా వెళ్తున్నాడండీ. మా వీధంతా సాక్ష్యం."

"ఇంట్లో వెళ్తే ఇంటి విషయం అవుద్దమ్మా. ప్రభుత్వం ఎదుట వెళ్తేనే ప్రభుత్వ విషయం." పేర్రాజు కళ్ళజోడు సవరించుకుని ఉత్తర్వు చదివాడు. "సదరు బాలుడు సదరు కార్యమును త్రిసభ్య కమిటీ సమక్షంలో, నిర్ణీత సమయమున, స్వచ్ఛందముగా నిర్వహించవలెను."

"నిర్ణీత సమయంలో స్వచ్ఛందంగా ఎలాగండీ?"

"అంటే పదకొండింటికి స్వచ్ఛందంగా అన్నమాట."

"పదకొండింటికి రాకపోతేనండీ?"

"రాకపోవడమేంటమ్మా? మేం పదిన్నరకి ఆఫీసుకి రావట్లేదా? అన్నీ అలవాటే." అప్పుడు గడియారంలో పదకొండు దాటింది. పేర్రాజు ఇంకా టిఫిన్ సంచి భుజం మీంచి దించలేదు.

కమిటీకి అధ్యక్షులు పర్యవేక్షణాధికారి చెన్నకేశవరావు గారు. సభ్యుడు పేర్రాజు. నీటి ఒత్తిడి సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి సాంకేతిక సభ్యుడిగా ఒక ఇంజనీరు.

ఇంట్లో ఈ మాట చెప్పేసరికి సూరాయమ్మ చేతిలో చాట కింద పెట్టేసింది. "పసోడు దొడ్డికి కూర్చుంటే ముగ్గురు మగాళ్ళు కుర్చీలేసుకుని చూత్తారా? అదేవన్నా సినిమానేంటే?"

"ఉత్తర్వులో అలాగే ఉందత్తయ్యా."

"ఆ ఉత్తర్వు రాసినోణ్ణి ముందు నా ఎదురుగా కూకోమను. అవుద్దేమో చూత్తాను."

నిర్ణీత రోజు రానే వచ్చింది. ఆఫీసు వరండాలో షామియానా వేశారు. వేదిక మీద మూడు కుర్చీలు, మధ్య కుర్చీకి టర్కీ తువ్వాలు. ఆఫీసరు గారి సొంత బాత్రూముని ప్రదర్శనకి కేటాయించారు. తలుపు పూర్తిగా తెరిచి ఉంచాలని పేర్రాజు అన్నాడు. మూసి ఉంచాలని సుభాషిణి అంది. అరగంట చర్చ తర్వాత సగం తెరిచి ఉంచాలని తీర్మానించారు. ప్రదర్శన వేళకి ముందే ఎవరూ వాడి పాడుచేయకుండా తలుపుకి తాళం వేశారు.

జ్యోతి వెలిగించారు. పుష్పగుచ్ఛాలిచ్చారు. చెన్నకేశవరావు గారు మైకు అందుకున్నారు. సన్నగా, శుభ్రంగా, అప్పుడే ఇస్త్రీ పెట్టె కిందనుంచి లేచి వచ్చినట్టుండే మనిషి.

"నేటి విసర్జనే రేపటి విజయానికి పునాది," అన్నారాయన. "వేళకు విసర్జించిన బాలుడే వేళకు పన్ను కట్టే పౌరుడవుతాడు. ఆ దిశగా మన కార్యాలయం వేస్తున్న ఈ తొలి అడుగు..."

అప్పుడు భువన్ లేచి నిటారుగా నిలబడ్డాడు.

"దయచేసి వినండి! ప్రయాణికులకు విజ్ఞప్తి!"

ఇది ప్రార్థనాగీతం తాలూకు మొదటి వరస అనుకుని ఎవరో లేచి నిలబడ్డారు. వాళ్ళని చూసి మిగతా వాళ్ళూ లేచారు. చెన్నకేశవరావు గారు మైకు పక్కన పెట్టి చేతులు కట్టుకున్నారు.

"సార్, వాడికి వస్తోందండి!" సుభాషిణి వేదిక దగ్గరికి పరిగెత్తింది. "తాళం తీయించండి!"

పేర్రాజు కార్యక్రమ వివరాల కాయితం చూశాడు. "ఇప్పుడు మూడో అంశం నడుత్తోందమ్మా. అధ్యక్షోపన్యాసం. ఆ తర్వాత సన్మానం. ప్రదర్శన ఏడో అంశం."

"ఏడో అంశందాకా వాడు ఆగడండీ!"

"ఆగగలగడమే ప్రావీణ్యంలో సగం," అన్నారు చెన్నకేశవరావు గారు గంభీరంగా.

సుభాషిణి పిల్లాణ్ణి చంకనేసుకుని వెళ్ళి, స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని బండి తీసింది. రోడ్డుకి అవతల పెట్రోలు బంకు. బంకు కుర్రాళ్ళు పైపులు పట్టుకుని చూస్తుండగానే తల్లీకొడుకులు వెనక గదివైపు మాయమయ్యారు.

ఆ గదిలో తాడు లేదు. గోడమీద బొమ్మల్లేవు. ఫ్లష్ మోత చూస్తే ఇంటిదానికి పెద్దన్నలా ఉంది. పిల్లాడు దానివైపు అనుమానంగా చూశాడు, అమ్మవైపు చూశాడు, ఆ తర్వాత తనే మీట నొక్కాడు. ఇంటి బయట, కొత్త చోట, వాడి జీవితంలో అదే మొదటిసారి. సుభాషిణికి కళ్ళు చెమర్చాయి. బయటికి రాగానే భువన్ స్కూటర్ దగ్గరికి వెళ్ళి రెండుసార్లు హారన్ కొట్టాడు. ఏం జరిగిందో తెలియకపోయినా బంకు కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆమె వెలిగిపోతూ తిరిగొచ్చింది. "అయిపోయిందండి! కొత్త చోట కూడా వెళ్ళాడండి!"

కమిటీ సభ్యులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"మేం చూడలేదు కదమ్మా," అన్నాడు పేర్రాజు.

"హారన్ అయితే వినపడిందండీ," అన్నాడు ఇంజనీరు మొహమాటంగా.

"హారన్ అనునది శబ్దరూపమైన సాక్ష్యం," అన్నారు చెన్నకేశవరావు గారు. "ఉత్తర్వులో 'సమక్షం' అని ఉంది. అక్షి అంటే కన్ను. చెవి ప్రస్తావన ఎక్కడా లేదు."

ఏడో అంశం దాని వేళకి అది వచ్చింది. తాళం తీశారు. భువన్‌ని కూర్చోబెట్టారు. సగం తెరిచిన తలుపు సందులోంచి ముగ్గురు సభ్యులూ మూడు ఎత్తుల్లో తలలు పెట్టి చూశారు. పిల్లాడు వాళ్ళని కాసేపు, పైన తిరుగుతున్న ఎగ్జాస్ట్ ఫ్యానుని చాలాసేపు చూశాడు. ఇవ్వడానికి వాడి దగ్గర ఏమీ మిగల్లేదు. ఉన్నదంతా బంకులో ఇచ్చేశాడు.

"కానీ బాబూ, కానీ," అన్నారు అధ్యక్షులు.

పేర్రాజుకి తన పిల్లల చిన్నతనం గుర్తొచ్చింది. పెదాలు సున్నాలా చుట్టి "స్స్స్స్స్" అన్నాడు. ప్రభుత్వ విధి కాబట్టి అధ్యక్షులూ అందుకున్నారు. ఇంజనీరు కూడా గొంతు కలిపాడు. ముగ్గురూ కలిసి చాలాసేపు శ్రద్ధగా "స్స్స్స్స్" అన్నాక, ఇంజనీరు ఉన్నట్టుండి కాళ్ళు దగ్గరగా పెట్టి, "ఒక్క నిమిషం సార్" అని పెరటివైపు పరుగెత్తాడు.

నివేదికలో ఇలా రాశారు: "సదరు బాలునికి కార్యము సిద్ధించలేదు. సాంకేతిక సభ్యునికి సిద్ధించినది. అయితే వారు దరఖాస్తుదారు కారు."

ఆ నివేదిక మీద కూడా చెన్నకేశవరావు గారు సంతకం పెట్టలేదు. పక్కన "చర్చించండి" అని రాసి పంపేశారు.

మర్నాడు గ్రౌండులో సుభాషిణి దగ్గర స్కూటర్ నేర్చుకుంటున్న ఝాన్సీ అసలు సంగతి చెప్పింది. ఝాన్సీ ఆ ఆఫీసులోనే జూనియర్ అసిస్టెంటు.

"సార్ మంచోరే అక్కా. ఒక్క రూపాయి ముట్టరు. ఫైలు కూడా ముట్టరు, అదే చిక్కు. పెన్ను తీస్తారు, మూత తీస్తారు, అక్కడ ఆగిపోతారు. 'చర్చించండి' అని రాసేస్తారు. మేం ఏం చర్చిస్తాం? టీ తాగేసి మళ్ళీ పంపిత్తాం."

"ఎందుకలా?"

"ఉద్యోగంలో చేరిన కొత్తలో దేనిమీదో సంతకం పెట్టారంట. మెమో వచ్చేసిందంట. అప్పట్నుంచీ భయం. స్టాంపు టపీమని కొట్టామనుకో, పక్క గదిలో ఉన్నా సరే ఉలిక్కిపడి చెవులు మూసుకుంటారక్కా."

సుభాషిణి చెయ్యి చాపి స్కూటర్ తాళం తిప్పి ఆపేసింది.

"ఏవన్నావ్? మోత వింటే చెవులు మూసుకుంటారా?"

"అవునక్కా. ఏం?"

సుభాషిణి స్కూటర్‌కి స్టాండు వేసింది. మా వాడు నయం అనుకుంది. మా వాడు కొత్త బంకులోనైనా సర్దుకున్నాడు. ఈయన సొంత కుర్చీలో కూడా సర్దుకోలేకపోతున్నాడు.

"ఝాన్సీ, మీ స్టాంపు రేపట్నుంచి వీధి గుమ్మం దగ్గర కొట్టాలి," అంది.

ఆ రాత్రి ఆమె వంటగదిలో అట్టముక్కల మీద బొమ్మలు గీస్తుంటే సూరాయమ్మ వంగి చూసింది. కుర్చీలో కూర్చున్న మనిషి. ఫైలు విప్పుతున్న మనిషి. పెన్ను మూత తీస్తున్న మనిషి. సంతకం చేస్తున్న మనిషి. నవ్వుతున్న మనిషి.

"ఇదెవరికే? మనోడికా?"

"ఆఫీసరు గారికత్తయ్యా."

సూరాయమ్మ ఆలోచించింది. "నవ్వే మనిషికి మీసం ఇంకాస్త దిట్టంగా పెట్టు," అని వెళ్ళి పడుకుంది.

బొమ్మలు ఝాన్సీ చేతిమీదుగా చెన్నకేశవరావు గారి బల్ల ఎదుటి గోడకి చేరాయి. ఇవెక్కడివని ఎవరూ అడగలేదు. గోడకి అంటించి ఉన్నది ఏదైనా పైనుంచే వచ్చి ఉంటుందని ఆ ఆఫీసు నమ్మకం. పేర్రాజు రెండో పూటకే వాటికి లామినేషన్ చేయించాడు.

మొదటి పొరపాటు బహుమానం దగ్గర జరిగింది. ఫైలు తెరిచినందుకు ఝాన్సీ పళ్ళెంలో కాజా తెచ్చి పెట్టింది. చెన్నకేశవరావు గారు కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డారు.

"ఏమిటిది? ఎవరిచ్చారు? ఏ ఫైలు నిమిత్తం?"

"ఊరికేనండీ!"

"ఊరికే ఇచ్చేది కూడా లంచం కిందికే వస్తుంది. దీన్ని వెంటనే... దీన్ని వెంటనే చర్చించండి!"

సిబ్బంది కాజాని చర్చించేశారు. ముక్క మిగల్లేదు.

సుభాషిణి వేరే దారి ఆలోచించింది. సభలో మైకు అందుకున్నప్పుడు ఆయన ముఖం ఎలా వెలిగిందో ఆమెకి గుర్తుంది. మర్నాడు ఆయన ఫైలు తెరవగానే, ఝాన్సీ ముందే చెప్పి ఉంచినట్టు, హాల్లో సిబ్బంది అంతా చప్పట్లు కొట్టారు. ఆయన ఉలిక్కిపడి తల ఎత్తారు. ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. కాసేపటికి ఆయన ఇంకో ఫైలు తెరిచారు. మళ్ళీ చప్పట్లు. మధ్యాహ్నానికి బల్లమీద ఫైళ్ళన్నీ తెరిచే ఉన్నాయి.

ఆ తర్వాత పెన్ను మూత తీస్తేనే చప్పట్లు. ఆ తర్వాత సంతకంలో మొదటి సున్న చుడితేనే. స్టాంపు కొట్టే బల్ల కూడా వీధి గుమ్మంలోంచి వరండాలోకి, వరండాలోంచి రికార్డు గదిలోకి, చివరికి ఆయన గది మూలకి జరుగుతూ వచ్చింది. ఒక శుక్రవారం చెన్నకేశవరావు గారు అటెండరు సెలవు చీటీ మీద సంతకం పెట్టేశారు. అటెండరు ఆ సెలవు పెట్టింది కూతురి పెళ్ళికి. కూతురికి అప్పటికి ఇద్దరు పిల్లలు. అయినా అతను ఆనందం పట్టలేక ఆ సెలవు వాడుకోవడానికి వెంటనే ఇంటికి వెళ్ళిపోయాడు.

పని వేగం అందుకుంది. ఇంక్రిమెంట్లు కదిలాయి. బదిలీలు కదిలాయి. ఎప్పుడో పడిపోయిన ప్రహరీగోడ మరమ్మతుకి అనుమతి వచ్చింది. ఈ ఆఫీసు నుంచి కాయితాలు తిరిగి వస్తున్నాయన్న వార్త జిల్లా అంతా పాకి, పై ఆఫీసువాళ్ళు ఏదో గోల్‌మాల్ జరుగుతోందని విచారణకి మనిషిని పంపారు. ఆయన వచ్చి చూసి, బొమ్మలు చూసి, తనకీ ఒక సెట్టు కావాలన్నాడు.

కదలంది భువన్ ఫైలు ఒక్కటే.

దానికి మార్గం లేక కాదు. ఝాన్సీ ఉత్తర్వు పూర్తిగా చదివి, అట్టడుగున ఒక వాక్యం పట్టుకుంది. తగిన కారణాలున్నచో అధ్యక్షులు తమ విచక్షణ మేరకు ధ్రువపత్రం మంజూరు చేయవచ్చును. ఈ విచక్షణ అనేది ప్రతి ఉత్తర్వు చివరా ఉంటుంది. కల్యాణమండపంలో నిప్పులార్పే ఎర్ర సిలిండరులాంటిది. అందరూ చూస్తారు, ఎవరూ వాడరు.

నెలాఖరు రోజు. హెడ్ మిస్ట్రెస్ ఉండబట్టలేక అడ్మిషన్ రిజిస్టరు సంచిలో పెట్టుకుని ఆఫీసుకే వచ్చేసింది. సుభాషిణి భువన్‌ని చెయ్యి పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. సిబ్బంది అంతా ఆఫీసరు గదిలోకి చేరి బల్ల చుట్టూ మూగారు. చప్పట్లకి చేతులు సిద్ధం చేసుకున్నారు.

చెన్నకేశవరావు గారు ఫైలు తెరిచారు. పెన్ను మూత తీశారు. కాయితం మీదికి వంచారు.

ఆగిపోయారు.

"ఇది... విచక్షణ కదా?" అన్నారు. "నేను చూడలేదు. చూడకుండా ఎలా? రేపు ఎవరైనా అడిగితే..."

"పెట్టేయండి సార్, పెట్టేయండి," అంది ఝాన్సీ.

"ఎంతసేపు సార్, ఒక్క గీత," అన్నాడు పేర్రాజు. ఆత్రంలో ఏం చేస్తున్నాడో తనకే తెలియకుండా పెదాలు చుట్టి "స్స్స్స్స్" అన్నాడు.

పెన్ను కాయితానికి ఆనింది. "చ" అని రాయబోయింది. చర్చించండిలో చ.

"ఆగండి!" అంది సుభాషిణి.

ఇంట్లో ఒకనాటి సంగతి ఆమెకి గుర్తొచ్చింది. మిగతా మెట్లన్నీ వచ్చేసినా, కూర్చున్నాక అసలు పని మాత్రం ఎన్నాళ్ళకీ అవలేదు. ఆమె పక్కనే నిలబడి, "అయ్యిందా నాన్నా? అయ్యిందా?" అని అడుగుతూనే ఉండేది. ఒకరోజు గ్యాస్ బండ తెచ్చినవాడు వీధిలో కేకేస్తే తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పని అయిపోయింది.

"అందరూ బయటికి రండి," అంది.

"అదేంటమ్మా, సమక్షం..." అన్నాడు పేర్రాజు.

"సమక్షంలో ఎవరికీ అవ్వదండీ పేర్రాజు గారూ. మీకైనా అవ్వదు. పదండి."

ఆ మాట ఆ ఆఫీసులో ఎవరూ ఎప్పుడూ అనలేదు. అందుకే కాబోలు, ఎవరూ కాదనలేదు. ఒక్కొక్కరే బయటికి నడిచారు. అటెండరు ఫోను తీగ కూడా పీకేశాడు. సుభాషిణి లోపలికి చూసి, "తొందరేం లేదండి. మీ ఇష్టం వచ్చినప్పుడే," అని తలుపు దగ్గరగా వేసింది.

వరండాలో అందరూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. లోపల ఏ చప్పుడూ లేదు. హెడ్ మిస్ట్రెస్ సంచీని రెండు చేతులతో పొదివి పట్టుకుంది.

"అయ్యిందంటారా?" పేర్రాజు గుసగుసగా అడిగాడు.

"ష్! అడక్కండి. అడిగితే ఆగిపోద్ది."

"పోనీ సందులోంచి ఓసారి..."

"చూడకండి!"

ఇంకాసేపు గడిచింది. లోపల కుర్చీ కిర్రుమంది. కాయితం రెపరెపలాడింది. ఆ తర్వాత, ఎవరి సాయం లేకుండా, ఆయన తన చేత్తో తనే కొట్టుకున్న స్టాంపు మోత.

టప్.

ఎవరూ కదల్లేదు. ఝాన్సీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తలుపు తెరుచుకుంది. చెన్నకేశవరావు గారు కాయితం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఇస్త్రీ ఎక్కడికక్కడ నలిగి ఉంది. ఆ ముఖంలో అంత నిమ్మళాన్ని సిబ్బంది ఎన్నడూ చూసి ఎరగరు.

"అయిపోయిందమ్మా," అన్నారు మెల్లగా.

వరండా దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి. హెడ్ మిస్ట్రెస్ ఆ కాయితం అందుకుని, మళ్ళీ ఎవరి బుద్ధి మారుతుందోనని, రిజిస్టరు గోడకి ఆనించి అక్కడికక్కడే పేరు ఎక్కించేసింది. సుభాషిణి ఆ అక్షరాలు చదువుకుంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

చప్పట్లతో సంబంధం లేనివాడు భువన్ ఒక్కడే. వాడు మూసిన తలుపుని చూశాడు, తెరుచుకున్న తలుపుని చూశాడు, బయటికొచ్చిన మనిషి ముఖం చూశాడు. వాడికి విషయం అర్థమైంది. గుంపులోంచి ముందుకి వచ్చి, ఆఫీసరు గారి చూపుడు వేలు పట్టుకుని వరండా చివరికి లాక్కెళ్ళాడు. అక్కడ కుళాయి ఉంది.

"సార్, ఇది ఉత్తర్వులో లేదండీ," అన్నాడు వెనకాలే వచ్చిన పేర్రాజు.

"మీరుండండి పేర్రాజు గారూ."

భువన్ కుళాయి తిప్పి, పక్కకి జరిగి, సబ్బుబిళ్ళ చూపించాడు. చెన్నకేశవరావు గారు చొక్కా చేతులు పైకి మడిచి రెండు చేతులూ నీళ్ళ కింద పెట్టారు. గబగబా కడిగేసి తీసేయబోతే పిల్లాడు ఒప్పుకోలేదు. వేళ్ళ సందుల్లో కూడా రుద్దేదాకా అక్కడే నిలబడి చూశాడు.